కమీషన్ ముందా, కొనేవారు ముందా: రియల్ ఎస్టేట్ ఏజెంటుకు ఏది మేలు?

హైదరాబాదు శివార్లలోని ఏ సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయం ముందైనా ఒక పూట నిలబడితే రెండు రకాల ఏజెంట్లు కనిపిస్తారు. ఒకరు సంతకాలు, వేలిముద్రలు పూర్తయ్యేదాకా గుమ్మం వదలకుండా ఉండి, కమీషన్ చేతికి అందగానే బండి తీస్తారు. మరొకరు దస్తావేజు స్కాన్ అయి బయటికి వచ్చేదాకా ఆగి, మ్యుటేషన్‌కు, అంటే రికార్డుల్లో యజమాని పేరు మార్పుకు, ఏ కాగితాలు కావాలో, కరెంటు మీటరు పేరు మార్పించుకోవడానికి ఎక్కడికి వెళ్లాలో రాసిచ్చి మరీ కదులుతారు. చూసేవారికి ఇది మంచితనంలో తేడాలా అనిపించవచ్చు గాని, నేను గమనించినంతలో ఇది చాలావరకు ఆదాయం వచ్చే తీరులో తేడా. పద్నాలుగేళ్లుగా ఈ పనిలో ఉన్నాను; మొదటి నాలుగేళ్లు మొదటి రకంగాను, ఆ తరువాత రెండో రకంగాను బతికినవాడిని కాబట్టి, రెండింటి లాభనష్టాలూ సొంత లెక్కల్లోంచే చెప్పగలను.

ముందు డబ్బు సంగతి చూద్దాం. పాత ఫ్లాటు చేతులు మారేటప్పుడు కొనేవారి నుంచి ఒక శాతం, అమ్మేవారి నుంచి ఒక శాతం అడగడం మా వైపు వాడుక. చివరికి బేరంలో అది ఎంతో కొంత తగ్గుతుంది. 80 లక్షల ఫ్లాటుకు అడిగినంతా వస్తే రెండు వైపులా కలిపి 1,60,000 రూపాయలు. ఆ బేరం తెగడానికి రెండు మూడు నెలలు పడుతుంది, బ్యాంకు రుణం ఉంటే ఇంకొంత ఆలస్యం అవుతుంది. వెంచర్‌లో, అంటే కంపెనీ ప్లాట్లుగా విడగొట్టి అమ్మే స్థలంలో, ప్లాటు సంగతి వేరు. అక్కడ కంపెనీ గజానికి ఇంత అని లెక్కగట్టి ఇస్తుంది. గజానికి వెయ్యి రూపాయలు అనుకుంటే 200 గజాల ప్లాటుకు రెండు లక్షలు వస్తాయి. ఆదివారం కారులో ఎక్కించుకెళ్లి, సైటు చూపించి, షామియానా కింద భోజనం పెట్టించి, పొద్దుగూకేలోగా టోకెన్ అడ్వాన్సు రాయించుకోవచ్చు. తొలి రెండేళ్ల ఆదాయాన్ని మాత్రమే కొలిస్తే కమీషన్ దారిదే పైచేయి. ఈ మాట ఒప్పుకోకుండా సంబంధాల గొప్పతనం బోధించేవారిని కొత్త ఏజెంటు నమ్మనక్కర్లేదు.

అయితే ఆ దారిలో ఖర్చు కనిపించకుండా పెరుగుతుంది. ఒకసారి కొన్నవారు మళ్లీ ఫోను చేయరు కాబట్టి ప్రతి నెలా కొత్త మొహాలు కావాలి. దానికి ప్రకటనలకు డబ్బు కట్టాలి, వెబ్‌సైట్ల నుంచి లీడ్లు, అంటే కొనాలనుకునేవారి ఫోను నంబర్లు, కొనాలి, అదే లీడు మరో నలుగురు ఏజెంట్లకు కూడా వెళ్లి ఉంటుంది కాబట్టి వారికంటే ముందు ఫోను చేయాలి. ఒకటో తారీఖు వచ్చేసరికి మళ్లీ సున్నా నుంచి మొదలు. నా నాలుగో సంవత్సరంలో వచ్చినదాంట్లో మూడో వంతు ఇలా కొత్తవారిని వెతకడానికే పోయిందని లెక్క రాసి చూసుకున్నప్పుడు గాని నాకు తెలియలేదు.

రెండో దారి ఎలా ఉంటుందో చెప్పడానికి ఒక్క బేరాన్ని దగ్గరగా చూపిస్తాను. ఉప్పల్ వైపు 150 గజాల ఇల్లు, ధర 95 లక్షలు, కొనాలనుకున్నది పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు. మరునాడు బయానా ఇవ్వాలనగా టీ కొట్టు బల్ల మీద ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఆ ఆస్తి పాత దస్తావేజులు) పరుచుకుని కూర్చున్నాను. ఈసీలో తప్పు ఏమీ లేదు: తండ్రి 1994లో కొన్నారు, ఆయన పోయాక ఇద్దరు కొడుకులు భాగపంపకం దస్తావేజు రిజిస్టరు చేసుకున్నారు, ఇల్లు పెద్ద కొడుకు వాటాకు వచ్చింది, ఇప్పుడు అమ్ముతున్నది ఆయనే. కాని ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. వారసులు ఎంతమందో అది చెప్పదు. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం అడిగి తెప్పించుకుంటే అందులో ముగ్గురు పిల్లలు ఉన్నారు, మూడో పేరు కూతురిది. తండ్రి తన సంపాదనతో కొన్న ఆస్తి విషయంలో, ఆయన వీలునామా రాయకుండా పోతే, కూతురికి కొడుకులతో సమానంగా వాటా 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోనే ఉంది. ఈ మాట అమ్మేవారితో అంటే, "చెల్లెలికి ఇవ్వాల్సింది పెళ్లప్పుడే ఇచ్చేశాం సార్, ఆ కాగితం సంగతి మీకెందుకు?" అన్నారు.

ఆ బేరంలో నాకు రావలసింది 1,90,000 రూపాయలు. చెల్లెలు తన వాటా వదులుకుంటున్నట్టు హక్కు విడుదల దస్తావేజు రిజిస్టరు చేయిస్తే తప్ప బయానా ఇవ్వవద్దని మాస్టారుకు చెప్పాను; బేరం అక్కడితో తెగిపోయింది. ఇలాంటి కథల్లో ఆయన నన్ను గుర్తుపెట్టుకుని పదిమందిని పంపి ఉండాలి. అలా ఏమీ జరగలేదు. ఎనిమిది నెలల తరువాత మరో ఏజెంటు ద్వారా ఫ్లాటు కొనుక్కున్నారు, గృహప్రవేశానికి పిలుపు కూడా రాలేదు. ఏడాదిన్నర గడిచాక ఫోను చేసింది ఆనాడు నన్ను కసిరిన అమ్మకందారు. ఈలోగా వచ్చిన ఇద్దరు కొనుగోలుదారుల బ్యాంకు లాయర్లూ అదే కాగితం అడిగారట. విడుదల దస్తావేజు ఎలా రాయించాలో అడిగారు. చెల్లెలికి కొంత సొమ్ము ముట్టింది, ఆమె వచ్చి సంతకం చేశారు, ఇల్లు నా ద్వారానే అమ్ముడుపోయింది. ఆ చెల్లెలి భర్త ఇప్పటికీ తన అద్దె ఇళ్ల పని నాకే అప్పగిస్తారు. సంబంధం ఎటునుంచి తిరిగి వస్తుందో ముందుగా లెక్కవేసుకోలేం కాబట్టి, ఎవరు పెద్ద పార్టీ అని చూసుకుని వారి దగ్గర మాత్రమే నిజాయతీగా ఉండే తెలివి ఇందులో పనికిరాదు.

చట్టం కూడా ఈ రెండు దారుల మధ్య తేడా చూస్తుంది. స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ప్రకారం, అందులో చెప్పిన పరిమాణానికి మించిన ప్రాజెక్టును రిజిస్టరు చేయకుండా ప్రకటించడానికి గాని, బుకింగులు తీసుకోవడానికి గాని వీల్లేదు. అలాంటి ప్రాజెక్టులో ఫ్లాటో ప్లాటో ఇప్పించే ఏజెంటు తానూ రిజిస్టరు కావాలి, రిజిస్ట్రేషన్ లేని ప్రాజెక్టును అమ్మకూడదు, బుకింగ్ సమయంలో కొనేవారికి హక్కుగా అందవలసిన సమాచారం, పత్రాలు అందేలా చూడాలి. తప్పితే రోజుకు 10,000 రూపాయల చొప్పున, ఆ ఆస్తి విలువలో 5 శాతం దాకా జరిమానా పడవచ్చు. ఒక శాతం రెండు శాతం కోసం ఐదు శాతాన్ని పణంగా పెట్టడం వ్యాపార దృష్టితో చూసినా తెలివైన పని కాదు. అయినా ప్రీ లాంచ్ పేరుతో, యూడీఎస్ (స్థలంలో విభజించని వాటా) పేరుతో, అనుమతులు రాకముందే మొత్తం సొమ్ము కట్టించుకునే పథకాలకు కమీషన్ ఎక్కువ కనుకే వాటిని అమ్మేవారు దొరుకుతున్నారు. విక్రయ ఒప్పందం రిజిస్టరు చేయకుండా బిల్డరు పది శాతానికి మించి తీసుకోకూడదన్న నిబంధన ఒక్కటి కొనేవారికి చెబితే చాలు, ఆ పథకం సగం కుప్పకూలుతుంది. కమీషన్ దారిలో ఉన్నవారు దాన్ని చెప్పలేరు. వారికి తెలియక కాదు.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న మనవారి ఫ్లాట్లు అమ్మేటప్పుడు ఈ తేడా మరింత బాగా తెలుస్తుంది. అమ్మేవారు ఇక్కడి నివాసి అయి, ధర 50 లక్షలు లేదా అంతకు మించి ఉంటే కొనేవారు 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికి ఇచ్చే సొమ్ములోంచి ముందే తీసి కట్టే పన్ను) కోసి కడితే సరిపోతుంది. అమ్మేవారు ఎన్నారై అయితే ఆ 1 శాతం లెక్క వర్తించదు. మూలధన లాభానికి ఉన్న రేటుకు సర్‌ఛార్జి, సెస్సు కలిపి కోయాలి, ఆ కోత తగ్గాలంటే అమ్మేవారు ఆదాయపు పన్ను శాఖ నుంచి ముందే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. ఆ సర్టిఫికెట్‌కు సమయం పడుతుంది, ఆ సమయంలో బేరం చల్లారవచ్చు. అందుకే "ఒక్క శాతం కట్టేయండి సార్, అందరూ అదే చేస్తున్నారు" అనే సలహా తేలికగా వస్తుంది. నోటీసు వచ్చేది కొన్నవారికి, సలహా ఇచ్చినవారికి కాదు. ఈ ఒక్క విషయంలో ముందే హెచ్చరించినందుకు నా దగ్గర ఆగిపోయిన బేరాలు రెండే. ఆ హెచ్చరిక సంగతి ఎవరో చెప్పగా డల్లాస్ నుంచి, మెల్‌బోర్న్ నుంచి నేరుగా వచ్చిన ఫోన్లు అంతకంటే ఎక్కువ.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. సంబంధాలకే విలువ ఇస్తున్నట్టు కనిపించే మూడో దారి ఒకటి మన రెండు రాష్ట్రాల్లోనూ బాగా పాతుకుపోయింది. వెంచర్ కంపెనీలో చేరిన కొత్త ఏజెంటుకు మొదటి రోజే ఒక కాగితం ఇచ్చి, చుట్టాలు, స్నేహితులు, చదువుకున్నప్పటి సహాధ్యాయుల పేర్లు వంద రాయమంటారు. బాబాయికి ఒక ప్లాటు, మేనమామకు ఒకటి, అత్తగారి ఊళ్లో మరో రెండు. ఆ తరువాత వారినే ఏజెంట్లుగా చేర్చి వారు అమ్మినదాంట్లో వాటా తీసుకోవడం. పెళ్లిలో భోజనాల దగ్గర బ్రోచరు తీసే మనిషిని చూసి బంధువులు బల్ల మార్చుకోవడం నేను చూశాను. ఇది సంబంధాన్ని ముందు పెట్టడం కాదు, సంబంధాన్ని సరుకుగా మార్చి అమ్ముకోవడం. కమీషన్ దారికంటే కూడా ఇదే నష్టం అని నా అభిప్రాయం, ఎందుకంటే తెలియని పార్టీ దగ్గర పోయిన పేరు మరో పేటలో సంపాదించుకోవచ్చు గాని, ఆ ప్లాటు లేఅవుట్ అనుమతి లేక ఎల్ఆర్ఎస్‌లో (అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణలో) ఇరుక్కుంటే బాబాయి ఇంటికి మళ్లీ వెళ్లలేం.

కమీషన్‌ను ముందు పెట్టడం తప్పుకాని చోట్లు కూడా ఉన్నాయి. అద్దె ఇల్లు చూపించే పనిలో సాధారణంగా పదిహేను రోజుల అద్దో నెల అద్దో తీసుకుంటారు. ఇల్లు చూపించడం, అగ్రిమెంటు రాయించడంతో పని ముగుస్తుంది, అందులో ఎవరికీ పెద్ద మోసం జరగదు. బిల్డరు దగ్గర జీతానికి, టార్గెట్‌కు పనిచేసే సేల్స్ ఉద్యోగి తాను బిల్డరు మనిషినని దాచడు కాబట్టి, ఎదుటివారు దానికి తగ్గట్టే వింటారు. దాచినప్పుడే పేచీ. కొనేవారి దగ్గర ఒక శాతం తీసుకుంటూ, వారి తరఫున బేరమాడుతున్నానని చెబుతూ, అదే ఫ్లాటుకు బిల్డరు నుంచి మూడు శాతం తీసుకునే ఏజెంటు ఎవరి మనిషి? ధర తగ్గితే తన వాటా తగ్గుతుంది కాబట్టి, మనస్సాక్షి ఎంత బలమైనదైనా అతడి నోటి నుంచి "ఇంకో రెండు లక్షలు తగ్గించమని అడుగుదాం" అన్న మాట అంత త్వరగా రాదు.

హైదరాబాదులో 2024 జూలైలో చెరువుల, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడి, చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) పరిధిలోని కట్టడాలను కూల్చడం మొదలైన వారాల్లో మా అందరి ఫోన్లూ మోగాయి. నాకు వచ్చినవాటిలో చాలావరకు పాత కొనుగోలుదారులవే. తమ సర్వే నంబరు బఫర్ జోన్‌లోకి, అంటే చెరువు చుట్టూ కట్టడాలకు వీల్లేని పట్టీలోకి, వస్తుందా అని అడిగారు. ఒక్కొక్కరి ఫైలూ తీసి చెరువు మ్యాపుతో పోల్చి చెప్పడానికి దాదాపు నెల పట్టింది, దానికి రూపాయి రాలేదు, ఆ నెలలో కొత్త బేరం ఒక్కటీ కుదరలేదు. సంబంధాల దారికి ఉన్న అసలు ధర ఇది, దాన్ని తక్కువ చేసి చెప్పను. మొదటి దారిలో ఉన్న నా మిత్రుడు ఆ నెలలో సిమ్ మార్చుకున్నాడు.

ఏది మేలు అని సూటిగా అడిగితే, పాత ఇళ్లు, ఫ్లాట్లు చేతులు మారే పనిలో, అదీ ఒకే ప్రాంతంలో పదేళ్లు ఉండాలనుకునేవారికి, కొనేవారిని ముందు పెట్టడమే మేలు. కమీషన్ అందులోంచే వస్తుంది, కాస్త ఆలస్యంగా వస్తుంది. కాని ఇంట్లో ఎసరు ఈ నెల కుదరబోయే బేరం మీదే ఆధారపడి ఉంటే ఈ దారిలో నిలబడటం కష్టం. బయానా ముందురోజు రాత్రి చెల్లెలి పేరు కనిపించినప్పుడు కళ్లు మూసుకోవాలనే అనిపిస్తుంది. అందుకే కొత్తగా వచ్చేవారికి నేను చెప్పేది ఒకటే: ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకునో, అద్దె ఇళ్ల పని చేస్తూ నెలనెలా కొంత వచ్చేలా చూసుకునో మొదలుపెట్టండి. నా విషయంలో ఆ నాలుగేళ్ల కమీషన్ సొమ్మే తరువాతి పదేళ్ల నిజాయతీకి పెట్టుబడి అయింది, ఆ మాట చెప్పుకోవడానికి కొంత సిగ్గుగానే ఉంటుంది.

ఇప్పుడు ఏ పార్టీ వచ్చినా ఇల్లు చూపించే ముందే తెల్లకాగితం మీద మూడు వాక్యాలు రాసి ఇస్తాను: ఈ బేరంలో మీ నుంచి నాకు ఇంత, అమ్మేవారి నుంచి ఇంత, బిల్డరు నుంచి వచ్చేది ఉంటే ఇంత. కింద తేదీ వేసి సంతకం చేస్తాను. అది చూసి కొందరు కమీషన్ ఇంకా తగ్గించమంటారు, కొందరు లేచి వెళ్లిపోతారు. మిగిలినవారు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, సరే, ఇల్లు చూద్దాం పదండి అంటారు.