ఆర్గానిక్, బయోకెమ్ కలిపి ఒకే ఆన్‌లైన్ కోర్సా, విడివిడిగానా? ఏది మేలు?

ఆన్‌లైన్‌లో ఆర్గానిక్ కెమిస్ట్రీ, బయోకెమిస్ట్రీ మొదలుపెడదాం అనుకునే వాళ్ళకి ముందు ఎదురయ్యే తికమక ఏంటంటే, రెండూ కలిపి ఒకే టర్మ్‌లో లాగించేసే ఇంట్రడక్టరీ కోర్సు తీస్కోవాలా, లేకపోతే ముందు ఆర్గానిక్ పూర్తిగా చేసుకుని ఆ తర్వాత బయోకెమ్ జోలికి వెళ్ళాలా అని. అది తేలకముందే ఇంకో తికమక వచ్చి పడుతుంది, రికార్డెడ్ వీడియోలు పడేసి "మీకు వీలున్నప్పుడు చూస్కోండి" అనే కోర్సా, వారం వారం గడువు పెట్టి వెంటపడే కోర్సా అని. నేను రెండు రకాలూ చేశా, అందులో ఒకటి సగంలో వదిలేశా కూడా, కాబట్టి నా అనుభవం కొంచెం పక్షపాతంగానే ఉంటుంది, అది ముందే ఒప్పేసుకుంటున్నా.

నా లెక్కలో రెండు ప్రశ్నలకీ జవాబు ఆర్గానిక్ సగమే చెప్తుంది. బయోకెమ్ మొదటి మెట్టు వరకు ఎలాంటి కోర్సులో అయినా ఎంతో కొంత ఎక్కేస్తుంది, చదివి, విని, మళ్ళీ చదివితే వచ్చే సబ్జెక్టు అది. ఆర్గానిక్ చేతికి రావాలి. గట్టు మీద కూర్చుని ఈత చూసినంత మాత్రాన ఈత రాదు కదా, ఇదీ అంతే. కాబట్టి కోర్సు పేజీలో బయోకెమ్ టాపిక్కుల జాబితా ఎంత పొడుగ్గా ఉంది అని చూడకండి, ఆర్గానిక్ సగాన్ని వాళ్ళు మీ చేత ఎలా చేయిస్తారు అన్నది చూడండి.

సరే, కలిపి ఉండే కోర్సు సంగతి. ఇవి ఎక్కువగా నర్సింగ్, న్యూట్రిషన్ లాంటి ఆరోగ్య కోర్సుల వైపు వెళ్ళే వాళ్ళ కోసం తయారైనవి. మొదటి సగంలో హైడ్రోకార్బన్లు, ఫంక్షనల్ గ్రూపులు (అణువు ఎలా రియాక్ట్ అవుతుందో తేల్చే భాగాలు), ఐసోమర్లు (అవే పరమాణువులు, అమరిక వేరు), ఆ తర్వాత కార్బోహైడ్రేట్లు, లిపిడ్లు, ప్రొటీన్లు, ఎంజైములు, డీఎన్‌ఏ, చివర్లో మెటబాలిజం. దీంట్లో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది, ఆర్గానిక్‌లో నేర్చుకున్నది ఎందుకు నేర్చుకున్నామో కొన్ని వారాల్లోనే కనిపిస్తుంది. ఆల్కహాల్‌ని ఆక్సిడైజ్ చేస్తే ఆల్డిహైడ్, ఇంకా చేస్తే యాసిడ్ అని చెప్తారు, అక్కడ అది ఉత్త ఈక్వేషన్. కొన్ని వారాలకి కాలేయంలో ఇథనాల్ ఎసిటాల్డిహైడ్ అయ్యి, అది ఎసిటేట్ అవ్వడం చూస్తారు, ల్యాబ్‌లో ఆక్సిడైజ్ చేసే క్రోమియం రియేజెంట్ చేసిన పనినే ఇక్కడ ఎన్‌ఏడీ ప్లస్ (ఎంజైముకి తోడుండే అణువు) చేస్తోంది, అంతే తేడా. విడివిడిగా చదివితే ఈ రెండింటి మధ్య చాలా నెలలు గడిచిపోతాయి, అప్పటికి మొదటిది మర్చిపోయి ఉంటాం.

పిండిపదార్థం, సెల్యులోజ్ ఉదాహరణ కూడా అలాంటిదే. రెండూ గ్లూకోజ్ గొలుసులే, ఒక దాంట్లో ఆల్ఫా లింకు, ఇంకో దాంట్లో బీటా లింకు. ఒకటో కార్బన్ మీద ఉన్న బంధం ఏ వైపుకి తిరిగి ఉంది అన్నదొక్కటే తేడా, కానీ మన ఎంజైములు మొదటిదాన్ని ముక్కలు చేస్తాయి, రెండోదాన్ని అసలు ముట్టుకోవు. ఐసోమర్ల పాఠం ఎందుకురా బాబూ అని విసుక్కున్న వాళ్ళకి ఇది చూపిస్తే చాలు.

ఇక కలిపిన కోర్సులో పోయేది ఏంటంటే మెకానిజమ్స్, అంటే రియాక్షన్‌లో ఏ బంధం ఎలా తెగి ఏది ఎలా ఏర్పడుతుందో మెట్టు మెట్టుగా చెప్పేవి. చాలా కోర్సుల్లో ఇవి దాదాపు ఉండవు, ఉన్నా ఒకట్రెండు చూపించి వదిలేస్తారు. నర్సింగ్‌కి వెళ్ళే మనిషికి దాని వల్ల పెద్ద నష్టమేం లేదు. కానీ బయోకెమ్‌లో ఇంకా లోతుకి వెళ్దాం, ఫార్మసీ వైపో రీసెర్చ్ వైపో చూద్దాం అనుకునే వాళ్ళకి మాత్రం ఇక్కడే దెబ్బ పడుతుంది. ఎలాగో గ్లైకాలసిస్‌తోనే (కణం గ్లూకోజ్‌ని ముక్కలు చేసి శక్తి తీసే దారి) చెప్తా.

గ్లైకాలసిస్ 10 మెట్లు, ఒక్కో గ్లూకోజ్‌కి నికరంగా 2 ఏటీపీలు (కణం శక్తి కోసం వాడుకునే అణువులు) మిగుల్తాయి, ఇది అందరూ బట్టీ పడతారు. రెండో మెట్టులో గ్లూకోజ్ వైపు ఉన్న అణువు ఫ్రక్టోజ్ వైపుకి మారుతుంది, ఎందుకు మారాలి? కలిపిన కోర్సులో అయితే "మారుతుంది" అని రాసుకుని ముందుకెళ్ళిపోతాం. ఆర్గానిక్‌లో ఆల్డాల్ రియాక్షన్ (రెండు అణువుల్ని కార్బన్-కార్బన్ బంధంతో కలిపేది) సరిగ్గా చేసిన వాళ్ళకి మాత్రం అక్కడ బల్బు వెలుగుతుంది. నాలుగో మెట్టులో జరిగేది ఆల్డాల్‌కి వెనక్కి నడక, అది కార్బొనైల్ (ఆక్సిజన్‌తో డబుల్ బాండ్ ఉన్న కార్బన్) పక్క కార్బన్‌కీ దాని తర్వాతి కార్బన్‌కీ మధ్య బంధాన్ని తెంపుతుంది. కార్బొనైల్ ఒకటో కార్బన్ మీదే ఉండిపోతే తెగేది 2, 3 కార్బన్ల మధ్య, అంటే ఒక రెండు కార్బన్ల ముక్క, ఒక నాలుగు కార్బన్ల ముక్క. అదే కార్బొనైల్‌ని రెండో కార్బన్‌కి జరిపితే తెగేది 3, 4 మధ్య, రెండు సమానమైన మూడు కార్బన్ల ముక్కలు వస్తాయి, ఆ రెండూ ఒకదాన్నుంచి ఒకటి తేలిగ్గా మారేవే కాబట్టి తర్వాత ఒకే దారిలో నడిపించెయ్యొచ్చు. ఇది అర్థమైన రోజు నేను రెండో మెట్టుని బట్టీ పట్టడం ఆపేశా, ఇంక మర్చిపోనే లేదు. (ఏటీపీ మాట వచ్చింది కాబట్టి, 1929లో దాన్ని వేరు చేసి చూపించిన వాళ్ళల్లో ఫిస్కేతో కలిసి పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు, అదే ఏడాది లోమన్ కూడా విడిగా కనిపెట్టాడు. మన పేరు పాఠంలో ఉండాల్సిన చోట చాలా కోర్సుల్లో ఉండదు, అది నాకు ఎప్పుడూ వెలితే.)

కాబట్టి మీ తర్వాతి మెట్టు ఏంటో తెలిస్తే మొదటి ప్రశ్న దాదాపు తేలిపోయినట్టే. ఒక్క కోర్సుతో కెమిస్ట్రీకి దండం పెట్టేసే వాళ్ళకి కలిపింది మేలు, ఇంకో మాట లేదు. దీని మీద ఇంకా కట్టుకుంటూ వెళ్ళే వాళ్ళకి విడివిడిగా చేస్కోవడమే మేలు, టైమ్ ఎక్కువ పట్టినా సరే. ఇంకా తేల్చుకోని వాళ్ళు ఉంటారు చూడండి, వాళ్ళు "ముందు కలిపింది చేసి తర్వాత చూద్దాం" అనుకుంటారు, అదీ తప్పు కాదు గానీ చాలా చోట్ల ఆ కలిపిన కోర్సుని ఆర్గానిక్ ఒకటో భాగానికి బదులుగా లెక్కెయ్యరు, తర్వాత మళ్ళీ మొదటి నుంచి ఆర్గానిక్ చెయ్యాల్సి వస్తుంది. చేరబోయే ప్రోగ్రామ్ వాళ్ళని ముందే మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి, ఫోన్‌లో ఎవరో "పర్లేదండి చెల్లుతుంది" అన్నదాన్ని నమ్ముకుని ఫీజు కట్టొద్దు.

ఇప్పుడు రెండో ప్రశ్న, గడువున్న కోర్సా లేనిదా అని, నేను బోల్తా పడింది ఇక్కడే. మొదట తీసుకున్నది సెల్ఫ్ పేస్‌డ్, అంటే వీలున్నప్పుడు చూస్కునేది. వీడియోలు బాగున్నాయి, చెప్పే ఆయన ఇంకా బాగా చెప్తున్నాడు, ఒకటిన్నర స్పీడ్‌లో పెట్టుకుని చూస్తుంటే అంతా వెన్నలా దిగిపోతోంది, క్విజ్‌లో నాలుగు ఆప్షన్లు ఇస్తే కరెక్టుదే పట్టేస్తున్నా. స్టీరియోకెమిస్ట్రీ (అణువుల త్రీడీ అమరికల పాఠం) వరకు అలాగే వచ్చా. ఒక రోజు ఎందుకో ఖాళీ కాయితం తీసుకుని గ్లూకోజ్ చెయిర్ ఆకారం (కుర్చీలా వంగి ఉండే దాని వలయం) గీద్దాం అని కూర్చుంటే గీతే పడదు, పడ్డదాంట్లో ఒక కార్బన్‌కి ఐదు బంధాలు ఉన్నాయి. కార్బన్‌కి ఐదు బంధాలు! ఉండేవి నాలుగే అన్నది మొదటి వారం పాఠం. అంటే ఇన్నాళ్ళూ నాకు వచ్చింది గుర్తుపట్టడం మాత్రమే, గీయడం కాదు. గడువు ఏం లేదు కాబట్టి "మళ్ళీ మొదలెడదాంలే" అని పక్కన పెట్టా, ఆ మళ్ళీ రాలేదు.

తర్వాత చేసింది వారానికి రెండు లైవ్ క్లాసులు, ఆదివారం రాత్రికి చేత్తో గీసిన సొల్యూషన్లు ఫోటో తీసి పెట్టాలి, ట్యూటర్ ఎర్ర సిరాతో దిద్ది పంపేది. మొదటి కాయితం వెనక్కి వచ్చినప్పుడు చూస్తే నా వంకర బాణాలన్నీ తిరగబడి ఉన్నాయి. ఎలక్ట్రాన్లు ఉన్న చోటి నుంచి లేని చోటికి బాణం వెయ్యాలి, నేనేమో ప్రోటాన్ దగ్గర మొదలుపెట్టి ఆక్సిజన్ మీదకి వేస్తున్నా, ప్రోటాన్ దగ్గర ఇవ్వడానికి ఎలక్ట్రాన్లు ఎక్కడున్నాయి? ఈ తప్పు నాలుగు ఆప్షన్ల క్విజ్‌లో జన్మలో దొరకదు, ఎందుకంటే చివరి ప్రోడక్ట్ నేను కరెక్టుగానే టిక్ పెట్టేదాన్ని. ఆవిడ పక్కన ఒకటే రాసింది, "ఎవరి దగ్గర ఉందో వాళ్ళే ఇవ్వాలి" అని. అది ఇంకా నా నోట్‌బుక్ అట్ట మీద ఉంది.

అలాగని గడువులున్న కోర్సు అంతా సుఖం అనుకోకండి. ఒక్క వారం జ్వరం వచ్చి పడుకుంటే ఆ గొయ్యి పూడ్చుకోడానికి మూడు వారాలు పట్టింది, ఎందుకంటే ఆర్గానిక్‌లో ఈ వారం పాఠం పోయిన వారం దాని భుజాల మీద నిలబడుతుంది. ఉద్యోగంలో షిఫ్టులు మారుతూ ఉండే వాళ్ళకి, చిన్నపిల్లలున్న వాళ్ళకి లైవ్ క్లాసుల టైమింగ్ నిజంగానే కుదరదు, వాళ్ళకి సెల్ఫ్ పేస్‌డే గతి. అలాంటప్పుడు గడువు మీరే పెట్టుకోవాలి, దిద్దే మనిషిని కూడా మీరే వెతుక్కోవాలి, కనీసం వారానికి ఒకసారి వీడియో చూసిన వెంటనే అది మూసేసి ఖాళీ కాయితం మీద అదే రియాక్షన్ గీసి పక్కన పెట్టి పోల్చుకోవాలి. నేను అది చేసుంటే ఆ మొదటి కోర్సు బతికేదేమో.

అదే బయోకెమ్ సగానికి మాత్రం సెల్ఫ్ పేస్‌డే మేలు అనిపించింది, ఇది నేను ఊహించలేదు. 20 అమైనో యాసిడ్లు, వాటిలో ఏది నీళ్ళంటే పారిపోతుంది, ఏది చార్జ్ మోస్తుంది, క్రెబ్స్ సైకిల్‌లో (గ్లైకాలసిస్ తర్వాత శక్తి తీసే చక్రం) ఎక్కడ కార్బన్ డయాక్సైడ్ పోతుంది, ఇవన్నీ ఆపి వెనక్కి తిప్పి పదిసార్లు వినే వీలుంటే ఎక్కుతాయి, లైవ్ క్లాసులో అవి సర్రున వెళ్ళిపోయేవి. ప్రొటీన్ ఆకారాల విషయంలో ఆన్‌లైన్ అయితే మామూలు క్లాసు కన్నా కూడా ముందే ఉంది, 1971లో మొదలైన ప్రొటీన్ డేటా బ్యాంక్ ఫ్రీగా తెరిచి ఉంటుంది, హిమోగ్లోబిన్‌నో ఇన్సులిన్‌నో తెరిచి మౌస్‌తో గిరగిరా తిప్పి చూడొచ్చు, బోర్డు మీద ఏ లెక్చరర్ గీసినా అలా కనపడదు. మీ కోర్సులో ఆ పని చేయించే అసైన్‌మెంట్ ఉంటే దానికి ఒక మార్కు ఎక్కువ వేస్కోండి.

8 వారాల కోర్సుల గురించి ఒక్క మాట. 16 వారాల సిలబస్‌నే సగంలో కుక్కుతారు, తగ్గేది వారాలే గానీ చదవాల్సినది కాదు. బయోకెమ్ ఒక్కటే అయితే సెలవు పెట్టుకుని లాగెయ్యొచ్చేమో, ఆర్గానిక్ మాత్రం వద్దు, చెయ్యి అలవాటు పడటానికి మధ్యలో నిద్రపోయిన రాత్రులు కూడా కావాలి.

ల్యాబ్ విషయంలో ఆన్‌లైన్ వాళ్ళు ఎంత చెప్పినా నేను నమ్మను. స్క్రీన్ మీద ఫ్లాస్క్‌ని క్లిక్ చేస్తే డిస్టిలేషన్ వచ్చినట్టు కాదు, ఇంటికి పంపే కిట్‌లతో పీహెచ్ చూడటం, కాయితం మీద రంగులు విడదీసే క్రొమటోగ్రఫీ లాంటివి బానే జరుగుతాయి గానీ మండే సాల్వెంట్లతో చేసే అసలు ఆర్గానిక్ పని ఇంట్లో చెయ్యలేం, చెయ్యకూడదు కూడా. ల్యాబ్ అవసరమైన వాళ్ళు థియరీ ఆన్‌లైన్‌లో చేసి ల్యాబ్ ఒక్కటి ఎక్కడైనా మనిషిగా వెళ్ళి చేసే దారి ఉందేమో చూడండి, అవసరం లేని వాళ్ళు దీని గురించి బుర్ర పాడుచేస్కోనక్కర్లేదు.

మూడో దారి కూడా ఒకటుంది, ఏ కోర్సుకీ డబ్బు కట్టకుండా ముందు ఫ్రీగా రుచి చూడటం. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఆర్గానిక్ మెటీరియల్ ఉంది, ఖాన్ అకాడమీలో మొదటి మెట్టు వీడియోలున్నాయి, మెక్‌మరీ ఆర్గానిక్ టెక్స్ట్‌బుక్ 2023 నుంచి ఓపెన్‌స్టాక్స్‌లో పూర్తిగా ఫ్రీ. సర్టిఫికెట్ గానీ క్రెడిట్ గానీ రాదు, దిద్దే వాళ్ళు ఉండరు, అదొక్కటే లోటు. నన్నడిగితే ఏ కోర్సులో చేరబోయే వాళ్ళయినా ముందు రెండు వారాలు ఈ ఫ్రీ వాటితో గడపండి, ఫంక్షనల్ గ్రూపుల పేజీ దగ్గర మీ చెయ్యి కాయితం మీదకి వెళ్తోందా, వీడియో ప్లే బటన్ మీదకే వెళ్తోందా అన్నది అప్పుడే తెలిసిపోతుంది. ప్లే బటన్ మీదకి వెళ్తే నాలాంటి బాపతు అన్నమాట, గడువులున్నదే తీస్కోండి.

చేరే ముందు కోర్సు వాళ్ళకి నేనైతే ఇప్పుడు ఒకటే ప్రశ్న రాస్తా, చేత్తో గీసిన జవాబులు మీరు దిద్దుతారా, దిద్దితే ఎన్ని రోజుల్లో వెనక్కి పంపుతారు అని. మొన్న ఒక కోర్సు వాళ్ళని అడిగితే "మా క్విజ్‌లు ఆటోమేటిగ్గా గ్రేడ్ అవుతాయి, రిజల్ట్ వెంటనే వస్తుంది" అని గొప్పగా జవాబిచ్చారు. ఆ ట్యాబ్ మూసేశా.