పక్కవాళ్ల ప్రమాదాలు లేని పుస్తకమే నాకు పనిచేసింది

ట్రామా గురించి, అంటే ఏదైనా ఘోరం జరిగాక మనసులో మిగిలే గాయం గురించి, పుస్తకాలు రాసేవాళ్ల మీద నాకు ఒకటే కోపం. ప్రతి అధ్యాయం మొదట్లో ఎవరికో జరిగిన ఘోరాన్ని పూసగుచ్చినట్టు వర్ణిస్తారు. ఆ పుస్తకం కొనేది ఎలాంటి స్థితిలో ఉన్నవాళ్లో రాసేవాళ్లకు తెలీదా?

నా సంగతి క్లుప్తంగా చెప్తాను. రెండేళ్ల కిందట సంక్రాంతికి హైదరాబాద్ నుంచి విజయవాడ వస్తుంటే, నందిగామ దగ్గర ముందు పోతున్న లారీ ఉన్నట్టుండి ఆగింది. మా మరిది కారు నడుపుతున్నాడు, నేను పక్క సీట్లో ఉన్నాను. నాకు భుజం దగ్గర ఎముక విరిగింది, అతనికి మోకాలు దెబ్బతింది. ప్రాణాలకేం కాలేదు. ఎముక అతుక్కుంది గానీ లారీ ఎయిర్ బ్రేక్ వదిలే బుస్సుమనే శబ్దం నన్ను వదల్లేదు. కూరగాయల బండి దగ్గర నిలబడి ఉన్నప్పుడు వినిపించినా సరే, చేతులు చల్లబడిపోయేవి, గుండె దడదడలాడేది. జడుసుకున్నానని అత్తయ్య రెండు మూడుసార్లు దిష్టి తీశారు. నెల దాటినా తగ్గకపోతే సైకాలజిస్టుని కలవమని ఎముకల డాక్టరు చెప్పారు. నెల దాటింది. కానీ బ్యాంకులో నా సెలవులన్నీ ఆ ఎముకకే అయిపోయాయి. పుస్తకాలైతే రాత్రి పిల్లాడు పడుకున్నాక చదువుకోవచ్చు కదా అని వాటితో మొదలుపెట్టాను.

తెలుగులో నాకు దొరికినవన్నీ వ్యక్తిత్వ వికాసం పుస్తకాలే. భయాన్ని జయించు, లక్ష్యం పెట్టుకో, అద్దంలో చూసుకుని నవ్వు. నాకు కావలసింది జయించడం కాదు, గుంటూరు బస్సెక్కి ఆఫీసుకి వెళ్లి రావడం. వాటిని పక్కన పెట్టి, అందరూ గొప్పగా చెప్పే ఒక లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం తెప్పించాను.

మొదటి అధ్యాయాలు నిజంగా బాగున్నాయి. ప్రమాదం అనిపించేదేదైనా కనబడితే మెదడులో అమిగ్డలా అనే చిన్న భాగం ముందే అలారం కొడుతుందని, 'ఇది మామూలు శబ్దమేలే' అని మనం ఆలోచించుకునేలోపు ఒళ్లు సిద్ధమైపోతుందని చదివాక కాస్త ఊపిరి ఆడింది. నాది పిరికితనం కాదన్నమాట. ఆ ఊపులో బ్యాంకులో నలుగురికీ ఆ పుస్తకం చదవమని చెప్పాను.

తరవాత ఒక రాత్రి, ముందేమీ హెచ్చరిక లేకుండా, హైవే మీద కారు ప్రమాదం కథ వచ్చింది. ఎన్ని కార్లు గుద్దుకున్నాయి, ఎవరు ఎలా ఇరుక్కుపోయారు, ఏం అరిచారు, అన్నీ ఉన్నాయి. రెండో పేరా దాటేసరికి నేను మా హాల్లో లేను, నందిగామలో ఉన్నాను. పుస్తకం చేతిలోంచి ఎప్పుడు జారిందో గుర్తులేదు. మా ఆయన లేచి వచ్చేసరికి నేను సోఫాకీ గోడకీ మధ్య నేల మీద కూర్చుని, సీట్ బెల్ట్ తీయడానికి నైటీ మీద వెతుక్కుంటున్నానట. అది ఆ రాత్రితో పోలేదు. అప్పటిదాకా కిటికీ పక్క సీటు తప్పించి ఎలాగోలా బస్సెక్కేదాన్ని. తరవాత కొన్ని వారాలు అది కూడా మానేసి, ఆయన బండి మీద దింపితేనే వెళ్లాను. జ్ఞాపకం మీద పడకుండా బతకడం నేర్పాల్సిన పుస్తకం దాన్ని తెచ్చి ఒళ్లో పడేసింది. రచయిత ఉద్దేశం మంచిదే అయ్యుండొచ్చు. ఆ పేజీకి ముందు 'ఇక్కడ ప్రమాద వర్ణన ఉంది, కావాలంటే దాటేయండి' అని ఒక్క లైను వేస్తే ఆయన సొమ్మేం పోయేది?

ఆ పేజీలన్నిటినీ కలిపి స్టేప్లర్ కొట్టేశాను. పుస్తకం ఇప్పుడు చూడ్డానికి విచిత్రంగా ఉంటుంది.

నాకు నిజంగా పనికొచ్చింది ఇంకొకటి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒత్తిడి గురించి ఒక బొమ్మల పుస్తకం వేసింది. ఉచితంగానే దొరుకుతుంది, ఆడియో కూడా ఉంది. చిన్న పిల్లల పుస్తకంలా ఉందని మొదట తేలిగ్గా చూశాను. అందులో ఎవరి ఘోరమూ వివరంగా ఉండదు. ఏం చేయాలో మాత్రం ఉంటుంది. అయిదు భాగాల్లో మొదటిది గ్రౌండింగ్. ఇప్పుడు ఏమనిపిస్తోందో, ఏ ఆలోచనలు వస్తున్నాయో గమనించాలి. తరవాత నెమ్మదించాలి: ఊపిరి పూర్తిగా వదిలి మెల్లగా నిండనివ్వాలి, పాదాలు నేలకి నొక్కాలి, రెండు అరచేతులూ ఒకదానికొకటి ఒత్తాలి. ఆ తరవాత ధ్యాస చుట్టూ ఉన్నవాటి మీదికి మళ్లించాలి. ఏం కనిపిస్తోంది, ఏం వినిపిస్తోంది, ఏం వాసన వస్తోంది. భయం పోదు, అది ఉండగానే మనం చేస్తున్న పనిలోకి తిరిగి వస్తామని వాళ్లే చెప్తారు. ఈ నిజాయితీ నాకు నచ్చింది.

కంగారులో ఉన్నప్పుడు ఇంగ్లిష్ ఆడియో బుర్రకెక్కలేదు. ఆ మెట్లన్నీ మా ఆయన చేత తెలుగులో చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. ఆయన గొంతు అచ్చం రైల్వే స్టేషన్ ప్రకటనలా వచ్చింది, అయినా పనిచేసింది. మళ్లీ బస్సు మొదలుపెట్టాక ఒకరోజు కనకదుర్గ వారధి మీద ట్రాఫిక్ ఆగింది. సరిగ్గా నా కిటికీ పక్కనే లారీ బుస్సుమంది. పాదాలు నొక్కాను. అరచేతులు ఒత్తాను. ముందు సీట్లో ఆవిడ జడలో కనకాంబరాలు, కింద నీళ్లు అడుగంటిన కృష్ణ, ఎవరి సంచీలోంచో జామకాయల వాసన. చేతులు చల్లబడ్డాయి గానీ నేను బస్సులోనే ఉన్నాను, నందిగామ పోలేదు. దిగాక టెన్షన్ తగ్గలేదు, కాని ఆ రోజు కౌంటర్లో కూర్చుని పనిచేశాను. అంత సంతోషం చాలా రోజుల తరవాత కలిగింది.

ఇంత పొగిడాను గనక మిగతాదీ చెప్పాలి. పగలు గడవడానికి సాయపడిన ఆ పద్ధతి నా పీడకలల్ని ఇంచు కూడా కదపలేదు. కళ్లు మూసుకుని చేయబోతే లారీ వెనక ఎర్రలైట్లే కనిపించేవి. అందుకే ఎప్పుడూ కళ్లు తెరిచే చేశాను. అయినా అది ఒత్తిడి తట్టుకోవడానికి వేసిన పుస్తకం, ఘోరం జరిగాక వదలకుండా వెంటాడే మానసిక సమస్యకి, అంటే పీటీఎస్‌డీకి మందని వాళ్లు చెప్పలేదు. కలలు తగ్గింది చివరికి క్లినికల్ సైకాలజిస్టు దగ్గరే. అక్కడ కూడా ఆ ప్రమాదాన్నే మళ్లీ మళ్లీ చెప్పించారు. తేడా ఏమిటంటే, నేను ఎంతవరకు తట్టుకోగలనో చూస్తూ, అవసరమైన చోట ఆపే మనిషి ఒకరు ఎదురుగా ఉన్నారు. పుస్తకానికి నా మొహం కనపడదు కదా.

ఇది నా ఒక్కదాని అనుభవమేమో అనుకుని కాస్త వెతికాను. 2003లో బ్రిటన్‌లో రోడ్డు ప్రమాదాల బాధితుల మీదే ఒక అధ్యయనం వచ్చింది. కొందరికి కాగ్నిటివ్ థెరపీ (ఆలోచనల తీరు మార్చే మాటల చికిత్స), కొందరికి సెల్ఫ్ హెల్ప్ బుక్‌లెట్ ఇచ్చారు. కొందరిని మధ్యమధ్యలో పరీక్షించి ఊరుకున్నారు. థెరపీ తీసుకున్నవాళ్లు బాగా కోలుకున్నారు, బుక్‌లెట్ చదివినవాళ్లు మాత్రం ఊరికే పరీక్షించినవాళ్ల కంటే మెరుగుపడలేదు. అలాగని అంతా వృథా అనలేం. 2022లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చిన 196 మంది అధ్యయనంలో, ఒకే సంఘటన వల్ల వచ్చిన, మరీ తీవ్రం కాని పీటీఎస్‌డీకి థెరపిస్టు కొద్దిగా తోడుండి నడిపించిన ఆన్‌లైన్ కోర్సు, ఎదురుగా కూర్చుని ఇచ్చే థెరపీకి తీసిపోలేదు. నేను మెచ్చుకున్న బొమ్మల పుస్తకాన్ని కూడా ఉగాండాలో దక్షిణ సూడాన్ శరణార్థి మహిళలతో చేయించినప్పుడు, గుంపుగా కూర్చోబెట్టి, శిక్షణ పొందిన స్థానికుల్ని తోడుగా ఉంచి చేయించారు. అర్ధరాత్రి సోఫాలో ఒంటరిగా కాదు.

కాబట్టి ఇలాంటి పుస్తకాలు కొనాలా వద్దా అంటే, అందరికీ ఒకే జవాబు చెప్పలేను. నాది ఒక్కసారి జరిగిన ప్రమాదం, ఇంట్లో అందరూ తోడున్నారు, తరవాత సెలవు దొరికింది, ఫీజు కట్టగలిగాను. చిన్నప్పటి నుంచీ ఇంట్లోనే దెబ్బలు తిన్నవాళ్లకు ఈ లెక్కలేవీ సరిపోకపోవచ్చు. డబ్బు ఇబ్బంది ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఏ పుస్తకమైనా సరే పగలు చదవండి, ఇంట్లో ఎవరో ఒకరు మెలకువగా ఉన్నప్పుడు.

మొన్న మా మరిది వచ్చాడు. బయటికి చెప్పడుగానీ అతనూ స్టీరింగ్ ముట్టడం లేదు. లావు పుస్తకం చూసి "ఇస్తావా వదినా" అన్నాడు. పిన్నులు తీయకుండానే ఇచ్చి, ఆ పేజీల జోలికి పోవద్దని చెప్పాను. అతను ముందు వాటినే ఊడదీసి చదివాడట. పుస్తకం మొత్తంలో తనకు నచ్చింది ఆ ప్రమాదం కథేనట. బండి నడిపినవాడు లోపల ఎలా నలిగిపోతాడో అంత బాగా ఇంకెవరూ చెప్పలేదన్నాడు.