సీరియల్ లైట్లకి పిన్నులు బిగించడం: స్లైడ్ ప్లగ్గు, లివర్ కనెక్టరు, మన టూ పిన్ టాప్, ఇన్నేళ్లు వాడాక నా మాట

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. చవితి పందిరితో మొదలెడితే దసరా, దీపావళి, ఆనక మన గజపతి జిల్లా కొండూళ్లలో చర్చిలకి క్రిస్మస్ నక్షత్రాలు, లైట్ల పని డిసెంబరు దాకా ఆగదు. సెట్లు మాత్రం అవే. అటక మీంచి దించిన ప్రతిసారీ సగం వాటికి పిన్నులు ఊడి ఉంటాయి, కూర్చుని మళ్ళీ వెయ్యాల్సిందే.

మామూలు టూ పిన్ టాప్ సంగతి అందరికీ తెలిసిందే, విప్పాలి, వైరు ఒలవాలి, పోగులు మెలేసి స్క్రూ కింద పెట్టాలి, బిగిస్తుంటే సగం పోగులు పక్కకి జారిపోతాయి. లోడు వల్ల కాలిపోతాయనుకుంటారు గానీ 6 ఆంప్స్ పిన్ను 230 వోల్ట్ల మీద 1380 వాట్ల దాకా మోస్తుంది, ఎల్‌ఈడీ సెట్లు దాని దరిదాపుల్లోకి కూడా రావు. కాల్చేది లూజు స్క్రూ. కొందరు పోగులకి టంకం పెట్టి మరీ బిగిస్తారు, బాగుంటుందని, కానీ సీసం మెత్తన కదా, ఒత్తిడికి మెల్లగా అణిగి కొన్నాళ్లకి అదే లూజైపోతుంది. ఫెర్రూల్ అని చిన్న గొట్టంలాంటిది దొరుకుతుంది, 0.75 స్క్వేర్ ఎంఎం వైరుకి బూడిద రంగుది, అది తొడిగి నొక్కి అప్పుడు స్క్రూ వేస్తే పోగులు చెదరవు. నొక్కే ప్లయరు ఒకటి కొనుక్కోవాలి, కొన్నాక మాత్రం హాయి.

ఇక స్లైడ్ ప్లగ్గు. మా పిన్ని కొడుకు అమెరికా నుంచి వస్తూ ఓ ప్యాకెట్టు తెచ్చాడు. నిజంగా తేలిక, ఒలవక్కర్లేదు, స్క్రూ లేదు, గాడిలో వైరు పెట్టి మూత తోస్తే లోపలి పళ్ళు తొడుగులోంచి గుచ్చుకుని రాగిని పట్టుకుంటాయి. అక్కడ క్రిస్మస్‌కి సీ7, సీ9 అని పెద్ద బల్బుల తోరణాలు వేస్తారు, హోల్డర్లన్నీ ప్యారలల్‌లో, అంటే ప్రతి బల్బుకీ విడిగా పూర్తి వోల్టేజి అందేలా ఉంటాయి కాబట్టి ఎక్కడ కావాలంటే అక్కడ కోసి పిన్ను వేసేస్తారంట. అక్కడి వైరులో కూడా ఎస్‌పీటీ-1, ఎస్‌పీటీ-2 అని రెండు మందాలు, ఒకదాని ప్లగ్గు రెండోదానికి సరిపడదు. మన 230 వోల్ట్ల సీరియల్ సెట్టుని అలా కొయ్యకండి బాబూ, సిరీస్ కదా, అంటే వోల్టేజిని బల్బులన్నీ పంచుకుంటాయి, బల్బులు తగ్గితే మిగిలినవాటి మీద వోల్టేజి పెరిగి టపటపా పోతాయి.

పైగా ఆ ప్లగ్గు మీద 125 వోల్ట్లని ముద్ర ఉంది. అందుకని 12 వోల్ట్ల స్ట్రిప్ లైట్లకే వాడాను, ఆ పని బాగానే చేసింది. మన మెలి వైరు ఆ గాడిలో కూర్చోదు, ఫ్లాట్ వైరే కావాలి. వానాకాలం పోయాక తీసి చూస్తే గుచ్చిన చోట రాగికి ఆకుపచ్చ చిలుము పట్టింది. ఇంకో భయమేంటంటే మన ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో యూనివర్సల్ సాకెట్లు, ఆ చదును పిన్ను చక్కగా దూరిపోద్ది, పందిట్లో పిల్లలు తిరుగుతుంటారు, 12 వోల్ట్ల స్ట్రిప్ తీసుకెళ్ళి మెయిన్‌లో గుచ్చితే ఇంకేముంది. అందుకే ఇప్పుడు డబ్బాలో పడుకున్నాయి.

నాకు నిజంగా పని తగ్గించింది లివర్ కనెక్టర్లు, అంటే రెండు వైర్లని కలిపే చిన్న క్లిప్పులు, వాగో కంపెనీ 221 రకం. పాడైన మిక్సీలవీ కంప్యూటర్లవీ మౌల్డెడ్ పిన్ను ఉన్న వైర్లు కోసి దాచుకుంటాను, అంటే పిన్ను కంపెనీ బిగించిందే, నేను చేసేది జాయింటు ఒక్కటే. 11 మి.మీ. ఒలిచి, లివరు ఎత్తి, దూర్చి, దించడమే. పారదర్శకంగా ఉంటుంది, రాగి చివరిదాకా వెళ్లిందో లేదో కనిపిస్తుంది. 0.14 నుంచి 4 స్క్వేర్ ఎంఎం దాకా పోగుల వైరు పట్టుద్ది, సీరియల్ సెట్ల వెంట్రుక వైరుని మాత్రం మడత పెట్టి దూరుస్తాను. పండగయ్యాక లివరు ఎత్తి తీసేసి వచ్చే ఏడు మళ్ళీ వాడొచ్చు, ఈ ఒక్క సుఖానికే దాని ఖరీదు ఇచ్చెయ్యొచ్చు. చవక కాపీలు కూడా వాడి చూశాను, రెండో పండక్కే స్ప్రింగు సడలింది, వద్దు.

నీళ్ళకి మాత్రం ఆగవు. మూత ఉన్న ప్లాస్టిక్ బాక్సులో పెట్టి, వైరు కిందినుంచి వచ్చేలా కడతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను నవరాత్రుల్లోనే వచ్చింది కదా, అప్పట్నుంచీ మా వీధిలో పిన్నన్నది నేలకి ఆనకూడదని కమిటీ పెద్దల రూలు. ఇనప ఫ్రేములకి ఎలాగూ త్రీ పిన్నే, ఎర్త్ తప్పదు, మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చి) కూడా. ఫెర్రూల్స్, ఈ కనెక్టర్లు మా బజార్లో అడిగితే వింతగా చూస్తారు, పాతపట్నంలోనూ అంతే, బరంపురం వెళ్ళినప్పుడు తెచ్చుకుంటాను, లేదా ఆన్‌లైన్లో పెట్టేస్తాను.