కాలేయ గడ్డకు ఏ మార్కర్ ముందు: హెప్‌పార్-1, ఆర్జినేస్-1, గ్లిపికాన్-3

ములుగు నుంచో భూపాలపల్లి నుంచో కాలేయంలో గడ్డతో వరంగల్‌కు వచ్చిన రోగికి సిర్రోసిస్ (కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే జబ్బు) ఉండి, మందు ఎక్కించి తీసిన సీటీ స్కాన్‌లో ఆ గడ్డ ధమని దశలో (మందు ధమనుల ద్వారా చేరే వేళ) వెలిగి ఆ తర్వాతి దశలో మసకబారితే, ముక్క పరీక్ష లేకుండానే కాలేయ కణ క్యాన్సర్‌గా నిర్ధారించవచ్చు. స్కాన్ ఎటూ తేల్చనప్పుడే సూదితో ముక్క తీస్తారు. ఆ ముక్క దారపు పోగంత సన్నగా ఉంటుంది కనుక, దాని మీద తోచిన మార్కర్లన్నీ (కణాల్లోని ఒక్కో ప్రోటీన్‌ను పట్టుకుని రంగుగా చూపే యాంటీబాడీలు) వేసే వీలుండదు.

హెప్‌పార్-1, ఆర్జినేస్-1 రెండూ అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ కణాలు కాలేయ కణాలేనా? రెండూ గుర్తించేవి అమ్మోనియాను యూరియాగా మార్చే ప్రక్రియలోని ఎంజైములనే. 1993 నుంచి వాడుకలో ఉన్న హెప్‌పార్-1 మైటోకాండ్రియాలోని ఎంజైమును పట్టుకుంటుంది కనుక, కణద్రవ్యంలో గోధుమ రంగు రవ్వరవ్వగా కనిపిస్తుంది. 2010లో రోగనిర్ధారణ మార్కర్‌గా ముందుకు వచ్చిన ఆర్జినేస్-1 కణద్రవ్యంతో పాటు కేంద్రకంలోనూ రంగు తేలుస్తుంది. కణాలు ఇంకా కాలేయపు పోలికలతోనే ఉన్న గడ్డల్లో ఈ రెండింటికీ పెద్ద తేడా ఉండదు. పోలిక చెదిరిన గడ్డల్లో మాత్రం హెప్‌పార్-1 బలహీనపడుతుంది, పైగా అక్కడక్కడే అంటుకుంటుంది. సూది రంగు పట్టని భాగంలోకి వెళ్లిందంటే ఫలితం నెగటివ్ అని వస్తుంది. కొన్ని జీర్ణాశయ క్యాన్సర్లు కూడా హెప్‌పార్-1కు పాజిటివ్ అవుతాయి. ఒక్కదానికే ముక్క చాలితే ఆర్జినేస్-1నే ఎంచుకోవడం సరైనదని నా అభిప్రాయం. దానికి మరో సౌకర్యమూ ఉంది: ముక్క అంచున మామూలు కాలేయం ఉండి, దానికీ రంగు అంటకపోతే, తప్పు గడ్డది కాదని, రంగు వేయడమే విఫలమైందని వెంటనే తెలిసిపోతుంది.

అయితే ఈ రెండూ ఆరోగ్యంగా ఉన్న కాలేయ కణానికీ అంతే గాఢంగా అంటుకుంటాయి కనుక, పాజిటివ్ అన్న మాట చూసి క్యాన్సర్ అనుకోవడం పొరపాటు. ఇది క్యాన్సరేనా అన్న రెండో ప్రశ్నకు గ్లిపికాన్-3 కావాలి. గర్భస్థ శిశువు కాలేయంలో ఉండి, పెద్దల ఆరోగ్యకరమైన కాలేయ కణాల్లో కనిపించకుండా పోయే ఈ ప్రోటీన్ క్యాన్సర్‌లో మళ్లీ బయటపడుతుంది. హెప్‌పార్-1 తడబడే చెదిరిన గడ్డల్లోనే ఇది ఎక్కువగా తేలుతుంది. బాగా పోలిక ఉన్న క్యాన్సర్లలో ఇది తరచు నెగటివ్‌గా వస్తుంది కాబట్టి, నెగటివ్ వచ్చిందని క్యాన్సర్ లేదనలేము. ఖరీదైన యాంటీబాడీల జోలికి వెళ్లే ముందే వెండి లవణంతో చేసే రెటిక్యులిన్ రంగు వేయించడం మంచిది: మామూలుగా ఒకటి రెండు కణాల మందం ఉండే కాలేయ వరుసలు మూడు కణాలకు మించి బలిసిపోవడం, లేదా వాటి చుట్టూ ఉండే నల్లని దారాలు మాయం కావడం, ఎన్నో సందేహాలను అక్కడే తీరుస్తుంది.

పిత్తనాళ క్యాన్సర్ అనుమానానికి సీకే7, సీకే19 (కెరాటిన్ అనే ప్రోటీన్ రకాలను చూపే మార్కర్లు) వేస్తారు. ఇవి గ్రంథి కణాల తీరును చూపుతాయే గాని, గడ్డ పిత్తనాళంలో పుట్టిందో క్లోమం నుంచి పాకిందో చెప్పలేవు. అది స్కాన్ చూసి తేల్చవలసిన విషయం. కాలేయ కణ క్యాన్సర్‌లోనూ కొన్నిసార్లు సీకే19 తేలుతుంది. అది రోగం ముదురుగా సాగుతుందనడానికి సూచనే తప్ప, గడ్డ పేరు మార్చడానికి కారణం కాదు. రెండు రకాలూ కలిసిన గడ్డను సైతం మొదట మామూలు రంగుల్లో కనిపించే ఆకృతిని బట్టే గుర్తించాలని, మార్కర్లు దానికి తోడు మాత్రమేనని 2019 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ చెబుతుంది. యువకుల్లో, సిర్రోసిస్ లేని కాలేయంలో వచ్చే ఫైబ్రోలామెల్లర్ అనే కాలేయ కణ క్యాన్సర్ రకంలో సీకే7, సీడీ68 (మరో ప్రోటీన్ మార్కర్) రెండూ కలిసి పాజిటివ్ అవుతాయి.

కాబట్టి చిన్న ముక్కకు ఆర్జినేస్-1, గ్లిపికాన్-3, సీకే19 అనే వరుస సరిపోతుంది. ఆర్జినేస్ ఫలితం సందేహంగా ఉన్నప్పుడే హెప్‌పార్-1 వేయాలి. ముక్కను పొదిగిన మైనపు బ్లాకును మైక్రోటోమ్ (పలుచని పొరలు కోసే యంత్రం) మీద మళ్లీ బిగించిన ప్రతిసారీ పైపొర చెక్కవలసి వచ్చి కొంత కణజాలం వృథా అవుతుంది గనుక, మొదటి కోతలోనే రంగు వేయని స్లైడ్లు కొన్ని అదనంగా తీసిపెట్టమని ల్యాబ్‌కు రాసి పంపాలి. రెండో అభిప్రాయం కోసం హైదరాబాద్ వెళ్లే కుటుంబాలు రిపోర్టు కాగితంతో పాటు ఆ స్లైడ్లనూ, మైనపు బ్లాకునూ అడిగి వెంట తీసుకెళ్లాలి.