పాపికొండలకి వెళ్తే ఒక రాత్రి ఉండి రండి

రాజమండ్రిలో తెల్లారకముందే లాడ్జి ఖాళీ చేసి టూర్ వాళ్ల బస్సెక్కితే, గండిపోచమ్మ గుడి దగ్గర లాంచీ కదిలేసరికి తొమ్మిది దాటింది. ఎక్కేముందు పేర్లు సరిచూసి, లైఫ్ జాకెట్ లేనివాళ్లని ఆపేస్తున్నారు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగిన తర్వాత గట్టిపడిన పద్ధతి ఇది. మా ఆవిడకిచ్చిన జాకెట్‌కి బకిల్ విరిగి ఉంది. అడిగితే మార్చారు. అడగనివాళ్లు అలాగే వేసుకుని కూర్చున్నారు.

పొద్దున ఉప్మా, మధ్యాహ్నం భోజనం లాంచీలోనే. రుచికి వంక పెట్టక్కర్లేదు. వంకంతా ఆ స్పీకర్లకే. పైడెక్కు మీద మైకు పట్టుకున్న కుర్రాడు జనాన్ని డ్యాన్సుకి లేపుతూనే ఉన్నాడు. పోలవరం నీళ్లెక్కి జనం వదిలిపోయిన ఊళ్లు పక్కనుంచి వెళ్తున్నా పాట ఆగలేదు. ఆ బోటు మునిగిన చోటు, కచ్చులూరు మందం దగ్గర మాత్రం ఎవరూ చెప్పకుండానే అందరూ కూర్చున్నారు.

రాజమండ్రి దగ్గర రెండు కిలోమీటర్లకు పైగా పరుచుకునే గోదారి ఇక్కడ రెండు కొండల మధ్య నుంచి సందు చేసుకుని వస్తుంది. పాపిడి తీసినట్టుంటుంది కాబట్టే పాపికొండలన్న పేరొచ్చిందంటారు. ఎదురుగా దారి మూసుకుపోయినట్టే ఉంటుంది, దగ్గరికెళ్తే మలుపు తెరుచుకుంటుంది. ఇది చూడాలంటే లాంచీ ముందువైపు, కింద కూర్చోండి.

పేరంటపల్లిలో అరగంటే ఆపారు. శివాలయం చూసి, కొండరెడ్డి గిరిజన ఆడవాళ్ల దగ్గర వెదురు పూలు కొనేలోపే హారన్ కొట్టేశారు.

తిరుగుదారిలో మేం కొల్లూరు వెదురు గుడిసెల దగ్గర దిగిపోయాం. సుఖం కోరుకునేవాళ్లకి పనికొచ్చే బస కాదు. బాత్రూములు ఉమ్మడివి, శుభ్రం అంతంతమాత్రం. రాత్రి జనరేటర్ ఆపేశాక టార్చే దిక్కు. నవంబరు చలికి మాకిచ్చిన దుప్పటి చాల్లేదు, మీరు ఇంకోటి తెచ్చుకోండి. కానీ ఆ జనరేటర్ ఆగాకే మాకు నది వినబడింది. ఇసుక మీద చాప వేసుకుని ఒంటిగంట దాకా కూర్చున్నాం. పొద్దున మంచులో అవతలి కొండ లేనేలేదు. ఎనిమిదింటికి మెల్లగా పైనుంచి కిందికి బయటపడింది. రెండో రోజు డబ్బులు దీనికే ఇచ్చామనుకున్నాం.

మధ్యాహ్నం సామాను సర్దుతుంటే మలుపు అవతల నుంచి పాట వినబడింది. మా లాంచీ వచ్చేస్తోంది.