వేరుకుంపటి సిరీస్: ప్రేక్షకుడి వైపు నుంచి ఒక సమీక్ష

ఫార్ములా వన్ నుంచి విడిపోయి సొంత ఛాంపియన్‌షిప్ నడుపుకుంటామని కార్ల తయారీ సంస్థలు ఈ శతాబ్దంలో రెండుసార్లు గట్టిగా ప్రకటించాయి, రెండుసార్లూ ఆ సిరీస్‌లో ఒక్క పందెం కూడా జరగలేదు. జరగని సిరీస్‌కు సమీక్ష ఎందుకని అడగవచ్చు. అయితే 2009 నాటి ప్రతిపాదన ప్రేక్షకులకు స్పష్టమైన హామీలిస్తూ వచ్చింది, అలాంటి మాట ఎప్పుడైనా మళ్ళీ వినిపించవచ్చు కూడా. కనుక టికెట్ కొనేవాళ్ళం, ప్రసారాలకు చందా కట్టేవాళ్ళం ఆ హామీలను తూచి చూసుకోవడం అవసరం. నా దృష్టిలో దానికి అయిదింట రెండు మార్కులు.

మోటార్ పందేలను నియంత్రించే అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఐఏకు అప్పటి అధ్యక్షుడు మాక్స్ మోస్లీ 2010 నుంచి జట్ల ఖర్చుకు 4 కోట్ల పౌండ్ల పరిమితి పెట్టదలిచారు. పరిమితికి ఒప్పుకున్న జట్టుకు సాంకేతికంగా ఎక్కువ స్వేచ్ఛ ఉంటుందనీ, ఒప్పుకోనివారు పాత నిబంధనల కిందే నడవాలనీ ఆ ప్రతిపాదన చెప్పింది. ఒకే ట్రాక్ మీద రెండు రకాల నియమాలను ఏ అభిమానీ కోరుకోడు. ఫెరారీ అధిపతి లూకా డి మోంటెజెమోలో నాయకత్వంలోని జట్ల సంఘం ఫోటా దీన్ని వ్యతిరేకించింది. 2009 జూన్‌లో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ పందెం జరిగే వారంలో ఫెరారీ, మెక్‌లారెన్, బీఎండబ్ల్యూ, రెనో, టొయోటా, బ్రాన్, రెడ్ బుల్, టోరో రోసో కలిసి కొత్త సిరీస్ పెడుతున్నట్లు ప్రకటించాయి. పారదర్శకమైన పాలన, అందరికీ ఒకే నియమావళి, ప్రేక్షకులకు తక్కువ టికెట్ ధరలు ఆ ప్రకటనలోని ముఖ్యమైన హామీలు.

నేనిచ్చిన రెండు మార్కుల్లో మొదటిది, సంతోషంగా ఇచ్చేది, పందేల పట్టిక కోసం. 2009లో ఫార్ములా వన్ ఉత్తర అమెరికాలో ఒక్క పందెం కూడా నిర్వహించలేదు. ఇండియానాపోలిస్ 2007 తర్వాత, మాంట్రియల్ 2008 తర్వాత జాబితా నుంచి జారిపోయాయి. అంతకు ముందే ఇటలీలోని ఇమోలా పోయింది. ఫార్ములా వన్ వాణిజ్య హక్కుల యజమాని పందెం ఇచ్చినందుకు అడిగే రుసుము భరించడం పాత సర్క్యూట్లకు ఏటికేడు కష్టమవుతున్న ఆ కాలంలో, ఆదాయమంతా జట్ల చేతికే వచ్చే సిరీస్ అలాంటి చోట్లకు తక్కువ రుసుముతో వెళ్ళగలిగేది. టికెట్ ధర తగ్గిస్తామన్న మాటకు ఆధారం అక్కడే ఉంది. రెండో మార్కు ఒకే నియమావళికి.

మిగతా మూడు మార్కులు ఎందుకు పోయాయంటే, ఆ సంస్థలు అక్కడ నిలిచి ఉంటాయన్న హామీ ఎక్కడా లేదు. సిల్వర్‌స్టోన్ ప్రకటన వెలువడి ఆరు వారాలు నిండకముందే బీఎండబ్ల్యూ ఆ ఏడాది చివరితో వైదొలగుతున్నట్లు తెలిపింది. నవంబర్‌లో టొయోటా తప్పుకుంది. డిసెంబర్‌లో రెనో తన జట్టులో పెద్ద వాటాను అమ్మేసింది. హోండా అంతకు ముందు డిసెంబర్‌లోనే వెళ్ళిపోయింది, ఆ జట్టే బ్రాన్ పేరుతో మిగిలింది. కొత్త సిరీస్ 2010లో నిజంగా మొదలై ఉంటే, దానికి సంతకం పెట్టినవారిలో కొందరు మొదటి పందేనికే ఉండేవారు కారేమో. ఆర్థిక మాంద్యం పెద్ద కారణమే, కాదనను. అయినా కార్లు అమ్ముడుపోని ఏడాది డైరెక్టర్ల బోర్డు మొదట కోత పెట్టేది రేసింగ్ ఖర్చుకేనన్న సంగతి సిరీస్ యజమాని ఎవరైనా మారదు.

ఇక్కడే నన్ను ఎక్కువగా కలవరపెట్టే ప్రశ్న ఉంది: ఎక్కువ మంది పెద్ద సంస్థలే అయిన సిరీస్‌లో చివరి స్థానం ఎవరిది? టొయోటా 2002 నుంచి ఎనిమిది సీజన్లు భారీగా ఖర్చు పెట్టి కూడా ఒక్క గ్రాండ్ ప్రి గెలవలేదు. ఓటమి కారు అమ్మే సంస్థకు చెడ్డ ప్రచారం, కనుక కొన్నేళ్ళు చూసి అది తప్పుకుంటుంది. విలియమ్స్ లాంటి జట్టుకు రేసింగ్ తప్ప వేరే వ్యాపారం ప్రధానం కాదు, వెనకబడినా మరుసటి ఏడాది కారు తయారుచేసుకుని రావలసిందే. ఆ విలియమ్స్, మరో జట్టు ఫోర్స్ ఇండియా 2010 ఫార్ములా వన్‌లో పాల్గొంటామని ఎఫ్ఐఏకు ఎంట్రీ ఇచ్చినందుకు ఫోటా వాటిని సస్పెండ్ చేసింది. అలాంటి స్వతంత్ర జట్లను బయట ఉంచి మొదలయ్యే సిరీస్‌ను నేను నమ్మలేను.

మొదటి ప్రయత్నం కూడా ఇలాంటిదే. 2001లో ఏర్పడిన తయారీ సంస్థల కూటమి జీపీడబ్ల్యూసీలో ఫియట్, బీఎండబ్ల్యూ, డైమ్లర్ క్రైస్లర్, ఫోర్డ్, రెనో ఉన్నాయి. 2008 నుంచి సొంత సిరీస్ అన్నారు. 2005 జనవరిలో, అప్పట్లో ఫియట్ చేతిలో ఉన్న ఫెరారీ, ఫార్ములా వన్ నడిపే పాత పక్షంతోనే కొత్త ఒప్పందం కుదుర్చుకోగానే ఆ ప్రతిపాదన బలం సగానికి సగం పోయింది.

నిజంగా చీలితే ఏమవుతుందో చూడడానికి అమెరికా ఉంది. 1996లో అక్కడి ప్రసిద్ధ పందెం ఇండియానాపోలిస్ 500 పక్షాన ఇండీ రేసింగ్ లీగ్ మొదలై, అప్పటికే ఉన్న కార్ట్ సిరీస్‌తో పోటీ పడింది. ఆ పందెం ఒకరి దగ్గర, పేరున్న డ్రైవర్లలో ఎక్కువ మంది మరొకరి దగ్గర మిగిలారు. 2008లో రెండూ కలిసేదాకా ఎవరు అసలు ఛాంపియన్ అన్నదానికి జవాబు లేదు, ఆ లోపు ప్రేక్షకులలో చాలామంది అక్కడి మరో కార్ల పందేల సిరీస్ నాస్కార్ వైపు వెళ్ళిపోయారు.

2009 జూన్ 24న పారిస్‌లో ఎఫ్ఐఏకూ ఫోటాకూ రాజీ కుదిరింది. మోస్లీ అధ్యక్ష పదవికి మళ్ళీ పోటీ చేయనన్నారు, ఖర్చు పరిమితి పక్కకు పోయింది. ఆ పరిమితి 2021లో 14.5 కోట్ల డాలర్ల అంకెతో, అందరికీ ఒకే నియమంగా తిరిగి వచ్చింది. ఇకపై ఏ తయారీ సంస్థ అయినా విడి సిరీస్ అంటే, టికెట్ ధర అడిగే ముందు నేను అడిగేది ఒక్కటే: ఎన్నేళ్ళు ఉంటారో, మధ్యలో వెళితే ఎంత జరిమానా కడతారో ఒప్పందంలో రాసి చూపించండి.