చెవిలోకి మందు: సూదితోనా, నానో రేణువులతోనా?

ఉన్నట్టుండి ఒక చెవి వినబడకుండా పోయి నెల్లూరు నుంచి చెన్నైకి వచ్చే మనవాళ్లలో కొందరు, మందును మోసుకెళ్లే అతి సూక్ష్మమైన నానో రేణువుల గురించి ఎక్కడో చదివి, కర్ణభేరి గుండా ఇచ్చే స్టెరాయిడ్ సూది కంటే అదే మేలేమోనని ఆలోచిస్తుంటారు.

రెండింటి గమ్యమూ లోపలి చెవిలో శబ్దాన్ని నాడీ సంకేతాలుగా మార్చే కాక్లియాయే. రక్తంలోని మందును అక్కడికి సులభంగా పోనివ్వని అడ్డుగోడ ఒకటి ఉండటం వల్ల, సూదితో మందును మధ్య చెవిలో నింపి, మధ్య చెవికీ లోపలి చెవికీ నడుమ సుమారు 70 మైక్రోమీటర్ల మందమున్న గుండ్రటి గవాక్షపు పొర గుండా అది లోపలికి ఇంకేలా చూస్తారు. చిక్కేమిటంటే, అందులో చాలా భాగం యూస్టేషియన్ నాళం గుండా గొంతులోకి జారిపోతుంది (సూది వేశాక కాసేపు మింగవద్దని చెప్పేది ఇందుకే). కనుక కొన్ని రోజుల వ్యవధితో మళ్లీ మళ్లీ వేయవలసి వస్తుంది.

నానో రేణువులు ఈ లోపాన్నే సరిదిద్దజూస్తాయి. పీఎల్‌జీఏ వంటి, శరీరంలో కరిగిపోయే పాలిమర్‌లో పొదిగిన మందు నెమ్మదిగా విడుదలవుతుంది. ఐరన్ ఆక్సైడ్ రేణువులనైతే బయటి అయస్కాంతంతో పొర గుండా లోపలికి నడిపించవచ్చు, ఎమ్మారై చిత్రంలో వాటి జాడ కనబడుతుంది కాబట్టి నిర్ధారణకూ పనికిరావచ్చు. అయితే ఈ ఫలితాలు అధికంగా ఎలుకలు, గినీ పందుల మీద వచ్చినవే. పైగా స్టెరాయిడ్ ఏ వాహనమెక్కి వెళ్లినా, కాక్లియాలో శబ్దాన్ని పసిగట్టే రోమ కణాలు చనిపోతే వాటిని తిరిగి పుట్టించదు.

హఠాత్తుగా వచ్చిన చెవుడుకు స్టెరాయిడ్, మాత్రగానైనా సూదిగానైనా, మొదటి రెండు వారాల్లో మొదలైతేనే ఎక్కువ ఫలితమిస్తుంది కనుక, నేటి రోగికి నేను సూచించేది సూదినే.